వైజాగ్ చుట్టుపక్కల కొండలు, తీరం, చెరువులు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మధురవాడ_కొత్త | శనివారం, ఉదయం 8:05

అందరికీ నమస్కారం. బదిలీ మీద ఖమ్మం నుంచి వచ్చి మధురవాడలో దిగాం. నేను, మా ఆవిడ, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. పెద్దాడు ఆరో తరగతి, చిన్నది రెండో తరగతి. ఇక్కడ ఏం చూడాలని ఎవర్ని అడిగినా ఆర్కే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, జూ అంటున్నారు. అవన్నీ చూసేశాం, బాగున్నాయి. ఇప్పుడు కావాల్సింది వేరు. కొండో, అడవో, చెరువో, జనం తక్కువుండే తీరమో. టికెట్టు కౌంటరూ, తినుబండారాల కొట్లూ లేకపోయినా పర్వాలేదు.

పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయాలి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. కారు లేదు. బస్సులో, ఆటోలో వెళ్లగలిగేవి చెబితే మంచిది. మావాడికి రాళ్లంటే ప్రాణం. ఎక్కడికెళ్లినా ఒక గులకరాయి జేబులో వేసుకుని వస్తాడు.

తీరంబాట | శనివారం, ఉదయం 8:40

స్వాగతం అండీ. మీరు దిగిన చోటే మంచి చోటు. మధురవాడ నుంచి భీమిలి దాకా ఉన్నంత ప్రకృతి ఊరికి ఇంకో వైపు దొరకదు. కంబాలకొండ అడవి, తొట్లకొండ, మంగమారిపేట శిలాతోరణం, ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. ఈ ఐదూ ముందు చూడండి. మిగతావి తర్వాత.

బస్సంటే 900కే. స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్తుంది. మీరు ఊళ్లోకి పోనక్కర్లేదు, రుషికొండ దాకా ఆటోలో వచ్చి అక్కడ ఎక్కేయండి. ఎడమ పక్క కిటికీ దగ్గర కొండలు, కుడి పక్క సముద్రం. పిల్లల్ని కుడి పక్క కూర్చోబెట్టండి.

పిట్టలదారి | శనివారం, ఉదయం 9:15

ముందు కంబాలకొండ వెళ్లండి, మీ ఇంటికి అదే దగ్గర. హైవే పక్కనే, జూకి కాస్త అవతల గేటుంటుంది. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేది, 1970లో అటవీశాఖ చేతికొచ్చింది. సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఊరిని ఆనుకుని ఇంత అడవి, అందులో చిరుతలు కూడా ఉన్న అడవి, మన రాష్ట్రంలో ఎన్ని పెద్ద నగరాలకుంది చెప్పండి?

జనం ఎక్కువగా వచ్చేది బోటింగుకి, తాళ్ల మీద జారే ఆటలకి. వాటిని తప్పుపట్టను, పిల్లలు సరదాపడతారు. కానీ గేటు తెరిచే వేళకి అక్కడుంటే బోటింగు మొదలయ్యేలోపు చెరువు దగ్గర గంటసేపు మీకే దొరుకుతుంది. లకుముకి పిట్ట నీళ్లమీదికి వాలిన కొమ్మ చివర కూర్చుని ఉంటుంది. కదలకుండా పది నిమిషాలు చూస్తే అది దూకడం, చేపని కొమ్మకేసి రెండు దెబ్బలు కొట్టి తలవైపు నుంచి మింగడం, అంతా కళ్లముందే జరుగుతుంది. తోకవైపు నుంచి మింగదు, పొలుసులు గొంతుకి అడ్డం పడతాయి. మీ చిన్నదానికి చూపించండి, మర్చిపోదు.

మీ అత్తగారు చెరువు దాకా నడవగలరు, దారి చదునుగానే ఉంటుంది. ఎర్ర, పసుపు బట్టలొద్దు. ఆకుపచ్చో మట్టిరంగో వేసుకోండి. ఫోనులో పాటలు అసలు పెట్టొద్దు.

వాల్తేరు_అత్తయ్య | శనివారం, ఉదయం 10:02

బాబూ, మీ అత్తగారి గురించి రాశావు కాబట్టి చెబుతున్నాను. నాకూ రెండు మోకాళ్లూ అంతే. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో బయోడైవర్సిటీ పార్కు ఉంది. మూడెకరాల స్థలమే, కానీ రెండువేల రకాలకి పైగా మొక్కలు. ఔషధ మొక్కలు ఒక పక్క, కాక్టస్‌లు ఒక పక్క, నీటిమొక్కలు ఒక పక్క. ఆవిడకి తెలిసిన మొక్కలు పదైనా ఉంటాయి. నల్లేరు, నేలవేము, సరస్వతి ఆకు లాంటివి కనిపిస్తే ఆవిడే పిల్లలకి పాఠం చెబుతుంది. పెద్దవాళ్లని ఎక్కడో బెంచీ మీద కూర్చోబెట్టి మనం తిరిగి రావడం కాకుండా, వాళ్లు చెప్పే చోటికి మనం వెళ్లాలి.

ముడసర్లోవ కూడా ఆవిడకి తేలికే. రిజర్వాయరు గట్టు దగ్గర పొద్దున్నే కొంగలు, నీటికాకులు ఉంటాయి. నీళ్లమీద తేలే సోలార్ పలకలు 2018లో వేశారు, 2 మెగావాట్లవి. పిల్లాడు అవెలా తేలుతున్నాయని తప్పకుండా అడుగుతాడు.

రైడర్_వైజాగ్ | శనివారం, ఉదయం 11:30

బ్రో, ఎర్రమట్టి దిబ్బలు మిస్ అవ్వొద్దు. మా గ్యాంగ్ బైకులేసుకుని వెళ్తాం, లోపలి దాకా దించేస్తాం. పైకెక్కి అంచు మీద నుంచుంటే ఫొటోలు సినిమా స్టిల్సులా వస్తాయి. పిల్లలు పైనుంచి జారొచ్చు, మెత్తని ఇసుకే, దెబ్బ తగలదు.

రాళ్లమాస్టారు | శనివారం, మధ్యాహ్నం 12:20

రైడర్ గారూ, దయచేసి అలా చెప్పకండి. బైకు దించడం, అంచులెక్కడం, జారడం ఈ మూడూ అక్కడ చేయకూడదు. ఎందుకో వివరంగా రాస్తాను. భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి, కాస్త పొడుగైతే ఓపిక పట్టండి.

ఆ దిబ్బలు కొండలు కావు, రాయీ కాదు. ఇసుక. గత హిమయుగం ముదిరిన కాలంలో, అంటే సుమారు 20 వేల ఏళ్ల కిందట, సముద్రం నేటికంటే 120 మీటర్ల దాకా దిగువకి పోయింది. ఇవాళ నీళ్లకింద ఉన్న నేల చాలా దూరం బయటపడింది. అక్కడి ఇసుకని గాలి ఎత్తి లోపలికి పోసింది. ఆ దిబ్బలన్నీ ఒక్కసారి పడ్డవి కావు, సముద్రం ముందుకొస్తూ వెనక్కిపోతూ ఉన్న వేల ఏళ్లలో పొర మీద పొరగా పేరుకున్నవి. మన కొండలు ఖోండలైటు అనే రాయి. అందులో ఇనుము కలిసిన ఖనిజాలు, గోమేదికం జాతి రాయి గార్నెట్ ఉంటాయి. కొండలు అరిగి వచ్చిన ఆ ఇసుకలో ఇనుము గాలికీ తడికీ తుప్పుపట్టి, ఒక్కో రేణువు మీదా సన్నటి ఎర్రపూత వేసింది. ఆ పూతే రేణువుల్ని కాస్త అంటిపెట్టుకుని ఉంచుతోంది. సిమెంటులాంటి గట్టిదనం ఏమీ లేదు.

అందుకే వాన నీరు దాన్ని కోసుకుంటూ పోయి గెడ్డలు, అంటే లోతైన వాగుదారులు, చేసింది. నిట్టనిలువు గోడలు, సూదిమొనలు, సందులు అన్నీ నీటి పనే. ఆ గోడ అంచు మీద మనిషి నిలబడితే పెళ్లలు విరిగి కిందపడతాయి. టైరు గాడి పడితే తర్వాతి వానకి నీళ్లు ఆ గాడిలోనే పారతాయి, ఏడాది తిరిగేసరికి అదొక కొత్త గెడ్డ. ఇది నా కళ్లతో చూసిన సంగతే.

ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడులో తేరి ఇసుకలని ఉన్నాయి, శ్రీలంకలో ఉన్నాయి. దక్షిణాసియాలో చెప్పుకోదగ్గవి అంతే. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1886లోనే మన దిబ్బల గురించి రాశాడు. జియలాజికల్ సర్వే 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి తిరుమల కొండలతో పాటు ఇవీ చేరాయి.

తీరంబాట | శనివారం, మధ్యాహ్నం 12:48

మాస్టారూ, ఇన్నేళ్లుగా ఆ దిబ్బల పక్కనుంచి వెళ్తున్నాను, సముద్రం అంత దిగువకి పోయిందన్న సంగతి ఇప్పుడే తెలిసింది. యునెస్కో జాబితా అంటే ఇక ఎవరూ ముట్టుకోలేరా?

రాళ్లమాస్టారు | శనివారం, మధ్యాహ్నం 1:05

అలా కాదు. తాత్కాలిక జాబితా అంటే మన దేశం ఫలానా చోటుని ముందు ముందు ప్రతిపాదిస్తానని పేరు రాయించుకోవడం. అసలు గుర్తింపుకి ఇంకా చాలా మెట్లున్నాయి. దానివల్ల కంచె రాదు, కాపలా రాదు. ఆ మధ్య 2024లో దిబ్బల పక్కన ఇళ్ల స్థలాలకని యంత్రాలతో చదును చేస్తే పత్రికలూ, ఊళ్లో పర్యావరణం కోసం పనిచేసేవాళ్లూ గట్టిగా అడిగారు కాబట్టి పని ఆగింది. అడిగేవాళ్లు లేకపోతే ఏ జాబితా దేన్నీ కాపాడదు.

రైడర్_వైజాగ్ | శనివారం, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, మాకెవ్వరూ ఇలా చెప్పలేదు. సినిమా షూటింగులకి లారీలూ క్రేన్లూ వెళ్తుంటే మా రెండు బైకులతో ఏమవుతుందిలే అనుకుంటాం. అక్కడ చెప్పే బోర్డు ఉండాలి, కాలిబాట ఇదీ అని గీత ఉండాలి. ఏదీ లేకుండా కుర్రాళ్లనే అంటే ఎలా?

పిట్టలదారి | శనివారం, మధ్యాహ్నం 2:10

రైడర్ గారు అడిగింది న్యాయమే. దారి గుర్తులు లేవు, ఎక్కడ నడవాలో ఎవరికీ తెలీదు. కానీ బోర్డు వచ్చేదాకా ఆగకుండా మనం చేయగలిగింది ఒకటుంది. గెడ్డ అడుగున నడవండి, గోడలెక్కకండి. కిందనుంచే ఫొటోలు బాగా వస్తాయి, పొద్దుటి ఎండ గోడ మీద పడ్డప్పుడు ఆ ఎరుపు పైనుంచి కనిపించదు. ఇంకో సంగతి. ఆ నిలువు గోడల్లో చిన్న చిన్న బొరియలు కనిపిస్తాయి. గోడకి బొరియ తవ్వుకుని గుడ్లుపెట్టే పిట్టలున్నాయి, పచ్చరంగు పసిరిక పిట్టలు, లకుముకి పిట్టలు. గోడ విరిగితే గూడూ పోతుంది.

రైడర్_వైజాగ్ | శనివారం, మధ్యాహ్నం 2:25

బొరియల సంగతి తెలీదండీ. చూశాం గానీ ఎలుకలవి అనుకున్నాం. బైకులు రోడ్డు మీదే ఆపుతాం. గ్రూపులో కూడా మాస్టారి పోస్టు పెట్టాను.

డాలస్_నుంచి | శనివారం, రాత్రి 9:50

ఇక్కడ పొద్దున్నే కాఫీ తాగుతూ ఈ చర్చ చదువుతున్నాను. నేను మురళీనగర్‌లో పెరిగినవాణ్ణి. మా నాన్నగారితో మాధవధార నుంచి మెట్లదారిన కొండెక్కి సింహాచలం దిగేవాళ్లం. దారిలో అనాసపళ్లు కోసుకొచ్చే గిరిజనులు ఎదురయ్యేవాళ్లు. ధార దగ్గర నీళ్లు తాగి, సంపెంగ చెట్లకింద కాసేపు కూర్చుని, దర్శనం చేసుకుని బస్సులో ఇంటికి. హుద్‌హుద్ తుఫాను తర్వాత ఆ కొండ ఫొటోలు చూసి గుండె చెరువైంది. ఒక్క చెట్టూ నిలబడలేదు. ఇప్పుడెలా ఉంది? వచ్చే డిసెంబరులో పిల్లల్ని తీసుకొస్తున్నాను, ఆ దారిన నడిపించాలని ఉంది.

సింహాద్రి_నడక | ఆదివారం, ఉదయం 5:55

అన్నయ్యా, దారి ఉంది, నడుస్తున్నాం. 2014 అక్టోబరు 12 నాటి గాలికి కొండ బోడైపోయిన మాట నిజమే. పెద్ద చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. తర్వాత వానలకి మోళ్లు చిగిర్చాయి, పొదలు కమ్ముకున్నాయి. ఇప్పుడు కింద నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. దగ్గరికెళ్తే తేడా తెలుస్తుంది, లావుపాటి మానులు తక్కువ, సన్నటి కర్రలు ఎక్కువ. పనస, అనాస, సంపెంగ ఉన్నాయి. సింహాచలం అనాస ఇప్పటికీ అదే తీపి.

ఒంటరిగా మాత్రం ఎక్కొద్దు, నలుగురు కలిసి వెళ్లండి. వానాకాలంలో మెట్లు పాకుడు పడతాయి. డిసెంబరు అయితే బంగారం. పిల్లలు గట్టివాళ్లైతే ఎప్పుడైనా ఆషాఢ పౌర్ణమికి కూడా రండి. గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, కొండ చుట్టూ లక్షల మంది నడుస్తారు. ఈ కొండ ఎంత పెద్దదో కాళ్లకి తెలిసేది ఆ రోజే.

డాలస్_నుంచి | ఆదివారం, ఉదయం 6:30

చాలా సంతోషం తమ్ముడూ. మోళ్లు చిగిర్చాయన్న మాట చదివి మా ఆవిడకి వినిపించాను. డిసెంబరులో నీకు కబురు పెడతాను.

మధురవాడ_కొత్త | ఆదివారం, మధ్యాహ్నం 3:15

ఇన్ని సంగతులు చెబుతారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇవాళ పొద్దున్న కంబాలకొండ వెళ్లొచ్చాం. లకుముకి పిట్ట కనిపించింది. చేపని కొమ్మకేసి కొట్టడం చూసి మా చిన్నది ముందు ఏడ్చింది, తర్వాత ఇంకోటి పట్టేదాకా కదలనంది. అత్తగారు చెరువుగట్టున మారేడు చెట్టు చూసి ఆకు కోయబోయి, అడవిలో కోయకూడదని పెద్దాడు చెప్తే చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

మాస్టారూ, మావాడు మీ పోస్టు రెండుసార్లు చదివించుకున్నాడు. గార్నెట్ మామూలు కంటికి కనిపిస్తుందా అని అడుగుతున్నాడు.

రాళ్లమాస్టారు | ఆదివారం, సాయంత్రం 4:40

కనిపిస్తుంది. దానికి దిబ్బల దాకా కూడా వెళ్లక్కర్లేదు. రుషికొండ తీరంలో అల వెనక్కిపోయిన చోట ఇసుక మీద నల్లటి చారలు, వాటి అంచున లేత గులాబి చారలు చూడమనండి. అల తేలిక ఇసుకని లాక్కుపోయి బరువైన ఖనిజాల్ని వదిలేస్తుంది. నల్లది ఎక్కువగా ఇల్మనైటు, గులాబిది గార్నెట్. చిటికెడు తెల్లకాగితం మీద పోసి భూతద్దంతో చూస్తే గార్నెట్ రేణువు దానిమ్మ గింజలా ఉంటుంది. అయస్కాంతాన్ని పల్చటి కాగితంలో చుట్టి ఇసుక మీద తిప్పితే నల్లరేణువులు కొన్ని లేచి అంటుకుంటాయి, గులాబివి చాలావరకు లేవవు. కాగితం చుట్టడం మర్చిపోవద్దు, లేకపోతే అయస్కాంతం నుంచి ఆ ఇసుక వదిలించడం కష్టం.

కొండల్లోని ఖోండలైటులో కూడా గార్నెట్ బొట్లు బొట్లుగా ఉంటుంది. రోడ్డుకోసం కోసిన కొండ పక్కన రాయిని చూస్తే ముదురెరుపు మచ్చలు కనిపిస్తాయి. కొండలో ఉన్నదే గెడ్డలో, గెడ్డలో ఉన్నదే తీరంలో, తీరంలో ఉన్నదే దిబ్బలో. మీవాడు ఈ నాలుగు చోట్లా ఆ ఒక్క ఖనిజాన్ని గుర్తుపడితే ఈ జిల్లా భూగర్భం సగం వచ్చేసినట్టే.

జాలారిబిడ్డ | ఆదివారం, రాత్రి 8:20

మాది జాలారిపేట. నిన్నట్నించీ సూస్తన్నాను, అందరూ కొండలూ దిబ్బలూ అంటన్నారు, సముద్రం రాళ్లకాడ ఏటుందో ఎవలూ సెప్పలేదు. మంగమారిపేట తోరణం ఎల్తారు, ఫొటో దిగతారు, ఒచ్చేత్తారు. ఆ పక్క రాళ్ల మజ్జిలో గుంటలుంటాయి బాబూ. సముద్రం ఎనక్కి తగ్గినప్పుడు ఆ గుంటల్లో నీళ్లు ఉండిపోతాయి. అందులో సన్నేసి పీతలు నత్తగుల్లలు మోసుకుని తిరుగుతాయి, పువ్వులాగ ఇచ్చుకునే జంతువులుంటాయి, ఏలు దగ్గరెడితే ముడుసుకుపోతాయి. సిన్న సిన్న సేపలు రాయిరంగులోనే ఉంటాయి, కదిలితేగానీ కనపడవు.

ఏలపాలలేకుండా ఎల్తే ఏటీ కనపడదు. పున్నమి, అమాసలకి ఇక్కడ రమారమి తెల్లారగట్ట మూడింటికీ, మద్దేన్నం మూడింటికీ సముద్రం బాగా తగ్గుద్ది. రోజుకి ముప్పావు గంట పైన ఆలీసం అవుద్ది. పున్నమెళ్లిన మూడు నాలుగు రోజులకి ఐదింటికీ ఆరింటికీ పడుద్ది. పిల్లల్తో ఎల్డానికి అదే సరైన ఏల. ఫోన్లో ఆటుపోట్ల పట్టీ కూడా సూసుకోండి. నీళ్లు తిరుగు కట్టినాయంటే ఇంక రాళ్ల మీద ఉండొద్దు, ఒడ్డుకొచ్చేయండి. ఈపు సముద్రానికి తిప్పి నిలబడొద్దు. ఇది మరీ మరీ సెబుతున్నా.

తోరణం మీదకి ఎక్కొద్దు. అది గట్టిగా కనపడుద్ది గానీ కింద అల తినేత్తంది.

పిట్టలదారి | ఆదివారం, రాత్రి 8:55

అన్నా, మీరు రాసింది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఒక్కటి కలుపుతాను. ఆ గుంటల్లోవి ఏవీ బయటికి తీయొద్దు. రాయి ఎత్తి చూస్తే మళ్లీ ఎలా ఉందో అలాగే దించండి, కింద గుడ్లుంటాయి. ఖాళీ గుల్ల అనుకుని ఇంటికి తెచ్చుకున్నది చాలాసార్లు ఒక సన్యాసి పీతకి రేపటి ఇల్లు.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు కూడా మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖవాళ్లు ఆ గుడ్లని తీరంలోనే కంచెకట్టిన చోట్ల కాపాడతారు. దాదాపు ఏడు వారాలకి పిల్లలు బయటికొస్తే సముద్రంలోకి వదులుతారు. అది చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు. ఫోను లైటు మాత్రం వేయొద్దు, పిల్లతాబేళ్లు వెలుగువైపు నడిచి దారి తప్పుతాయి.

తీరంబాట | సోమవారం, ఉదయం 7:30

ఒక అనుమానం. ఇలా అన్ని చోట్ల గుట్టూ రాసేస్తే జనం ఎగబడరా? తొట్లకొండ వెనక ఉన్న గడ్డి మైదానం గురించి ఎవరికీ తెలీనప్పుడు అక్కడ ఒక్క చిప్స్ ప్యాకెట్టూ ఉండేది కాదు. ఇప్పుడు సీసాలు.

రాళ్లమాస్టారు | సోమవారం, ఉదయం 8:10

ఆ బాధ నాకూ ఉంది. కానీ ఎర్రదిబ్బల విషయంలో ఒకప్పుడు ఎక్కువ దూరం విస్తరించి ఉన్నవి, ఎవరికీ తెలియకుండానే తగ్గిపోయాయి. ఇసుక తవ్వుకుపోయినవాడు, ప్లాట్లు వేసినవాడు జనానికి తెలియని కాలంలోనే ఆ పని చేశాడు. చోటు చెప్పాలి, చెప్పేటప్పుడు ఎలా మెలగాలో కూడా దాంతోనే చెప్పాలి. పిట్టలు గూడు కట్టే చెట్టు, తాబేలు గుడ్లు పెట్టిన గుంత, ఇవి మాత్రం ఎక్కడున్నాయో రాయకూడదు.

వాల్తేరు_అత్తయ్య | సోమవారం, ఉదయం 9:00

మాస్టారితో నేనూ ఏకీభవిస్తాను. తొట్లకొండ గురించి ఒక్క మాట. పైదాకా రోడ్డుంది, ఆటో వెళ్తుంది, మోకాళ్లకి ఇబ్బంది లేదు. నౌకాదళం వాళ్లు స్థలం చూస్తుంటే బయటపడిన బౌద్ధారామం అది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడండి. 128 మీటర్ల ఎత్తు కొండ మీద రెండువేల ఏళ్ల కిందట భిక్షువులు వాన నీళ్లు పట్టుకుని ఏడాదంతా బతికారు. మా అపార్టుమెంటుకి ఎండాకాలం ట్యాంకర్లు వస్తున్నాయి.

ఆవగట్టు | సోమవారం, సాయంత్రం 6:45

మా వైపు ఎవరూ తలవలేదేమండీ. కొండకర్ల ఆవ. ఇప్పుడు అనకాపల్లి జిల్లా. వైజాగ్ నుంచి ఒక యాభై కిలోమీటర్లలోపు, అచ్యుతాపురం దగ్గర. పెద్ద మంచినీటి సరస్సు, మేం ఆవ అంటాం. తాటిదోనె ఎక్కారా ఎప్పుడైనా? రెండు తాటిమానుల్ని తొలిచి జతకట్టి నడిపేది, గెడతో తోస్తాడు. నీళ్లకి జానెడు ఎత్తులో కూర్చుంటారు, తామరాకులు పక్కనుంచి రాసుకుపోతాయి. పొడుగు వేళ్ల పిట్ట ఆకుల మీద నడుస్తూ ఉంటుంది. నత్తగుల్ల కొంగలు ఒడ్డున బురదలో తిరుగుతాయి. చలికాలంలో వలస బాతులు.

గుర్రపుడెక్క బాగా అల్లుకుపోతోంది. కొన్ని చోట్ల నీళ్లు కనపడవు. తీసినప్పుడల్లా మళ్లీ వస్తోంది. చుట్టూ పొలాల ఎరువు నీళ్లలో దిగుతున్నంతకాలం అది పోదు. చూసేవాళ్లు వస్తే దోనెవాళ్లకి నాలుగు డబ్బులు, ఆవకి నలుగురు దిక్కు. పెద్దవాళ్లని దోనె ఎక్కించేటప్పుడు మధ్యలో కూర్చోబెట్టండి, లేవనివ్వకండి.

మధురవాడ_కొత్త | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఇప్పుడే వచ్చాం. 900కే ఎక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. అత్తగారు రోడ్డు దగ్గర జీడిమామిడి నీడలో ఆగుతానన్నారు గానీ గెడ్డ అడుగు చదునుగా ఉందని చూసి మాతోనే మెల్లగా వచ్చారు. గోడలెక్కలేదు. ముగ్గురు కుర్రాళ్లు పైకెక్కుతుంటే మావాడు వెళ్లి బొరియలు చూపించి పిట్టలుంటాయని చెప్పాడు. వాళ్లు దిగొచ్చి బొరియలకి ఫొటోలు తీసుకున్నారు.

మాస్టారూ, రెండు ప్రశ్నలు. గోడ మొత్తం ఒకే ఎరుపు లేదు. అడుగున ఒకచోట పసుపుపచ్చ, మధ్యలో ఇటుక రంగు, తీరం వైపు పైన లేత రంగు ఇసుక. ఎందుకు? రెండోది, చెట్టువేరు ఆకారంలో గట్టి తెల్లటి ముక్కలు దొరికాయి. మావాడు ఒకటి పట్టుకుని చాలాసేపు ఆలోచించి ఉన్నచోటే పెట్టేసి, పుస్తకంలో బొమ్మ గీసుకున్నాడు.

రాళ్లమాస్టారు | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 2:45

పిల్లాడు బాగా చూశాడు. అవి వేరువేరు కాలాల్లో పడ్డ పొరలు. అడుగు పసుపు ఇసుక, దానిపైన సున్నపు ముద్దలున్న ఎరుపు గోధుమరంగు ఇసుక, ఆపైన ఇటుకరంగు, అన్నిటికంటే పైన లేత పసుపు ఇసుక. పై పొర వయసులో అన్నిటికంటే చిన్నది. దానికి ఎరుపెక్కేంత కాలం ఇంకా గడవలేదు.

వేరు ఆకారం ముక్కలు నిజంగా వేళ్ల అచ్చులే. ఎప్పుడో ఆ ఇసుక మీద మొక్కలు పెరిగాయి. వేళ్ల చుట్టూ నీళ్లలోని సున్నం గట్టిపడింది. వేరు కుళ్లిపోయింది, అచ్చు మిగిలింది. గాలి ఇసుక పోయడం ఆగి అక్కడ పచ్చదనం నిలిచిన కాలం ఒకటుందని ఆ ముక్క చెబుతోంది. ఏ పొరలో దొరికిందో అక్కడే ఉంటేనే ఆ సాక్ష్యం పనికొస్తుంది, జేబులో వేసుకుంటే ఉత్త సున్నపురాయి. వాడు గీసిన బొమ్మ పక్కన ఏ పొరో, నేల నుంచి ఎన్ని జానల ఎత్తో రాయమనండి. వీలైతే ఆ బొమ్మ ఫొటో ఇక్కడ పెట్టండి, చూడాలనుంది.

మధురవాడ_కొత్త | తర్వాతి ఆదివారం, రాత్రి 7:10

తప్పకుండా పెడతాను మాస్టారూ. జాలారిబిడ్డ గారూ, క్యాలెండరు చూశాను. పున్నమి గురువారం. ఆదివారానికి మూడు రోజులవుతుంది. ఎన్నింటికి వస్తే బాగుంటుంది?

జాలారిబిడ్డ | తర్వాతి ఆదివారం, రాత్రి 7:35

ఐదున్నరకల్లా మంగమారిపేట బస్టాపు కాడ ఉండండి. ఆ ఏలకి బస్సు దొరకదు, ముందురోజే ఆటో మాటాడుకోండి. నేనూ ఒత్తాను, గుంటలు సూపిత్తాను. పిల్లలకి పాత బూట్లెయ్యండి, సెప్పులొద్దు, రాళ్లమీద గుల్లలు కోసేత్తాయి. అమ్మగారికి ఒడ్డున ఇసక మీద మా తెప్ప ఉంటాది, దాని మీద కూకోవచ్చు. ఏడింటికల్లా ఎనక్కి ఒచ్చేయాల.

రైడర్_వైజాగ్ | తర్వాతి ఆదివారం, రాత్రి 7:50

మేము ఇద్దరం రావచ్చా అన్నా? బైకులు రోడ్డు మీదే పెడతాం. చెత్త ఏరడానికి సంచులు తెస్తాం.

జాలారిబిడ్డ | తర్వాతి ఆదివారం, రాత్రి 7:58

రండి. సంచులు పెద్దవి తెండి, తెగిన వల ముక్కలు కూడా సానా ఉన్నాయి. అవి కొయ్యడానికి కత్తి నేను తెత్తాను.